పాత గాలం రీళ్లు: కొనడం, విప్పడం, వాడడం

అమెరికాలో గ్యారేజ్ సేళ్లు, ఎస్టేట్ సేళ్లు తిరిగే అలవాటున్నవాళ్లకు తెలుసు: ఏదో ఒక మూల, గోడకు ఆనించిన గాలం కర్రల కట్ట కనిపిస్తుంది. వాటికి బిగించిన రీళ్ల మీద దుమ్ము, చివికిన దారం, ఒక్కోసారి తుప్పు. నలభై యాభై ఏళ్లనాటివైనా, ఒక పూట కూర్చుని శుభ్రం చేస్తే వాటిలో కొన్ని మళ్లీ చెరువు గట్టున నిక్షేపంగా పనిచేస్తాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ వారాంతాల్లో చేపలకు వెళ్లే మనవాళ్లలో చాలామందికి పాతదంటే భయం, కొత్తదే కొంటారు. ఆ భయం పోగొట్టడానికే ఇది రాస్తున్నాను. పాత రీలు విషయంలో నేను నమ్మే సూత్రం ఒకటే: మీ చేతులతో విప్పి మళ్లీ బిగించగలిగేదే కొనండి. అద్దాల బీరువాలో పెట్టుకునేవారి లెక్కలు వేరు. ఈ చిట్కాలు దాంతో చేపలు పట్టాలనుకునేవారికి.

1. అరుదైనదానికి ఆశపడకండి. మొదటి పాత రీలు ఎంత ఎక్కువగా అమ్ముడుపోయిన మోడల్ అయితే అంత మంచిది. విడిభాగాలు దొరుకుతాయి, విప్పే పద్ధతి తెలిసినవాళ్లు దొరుకుతారు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. మంచినీళ్లలో వాడే స్పిన్నింగ్ రీలు కావాలంటే ఫ్రాన్స్‌లో తయారైన మిచెల్ 300 చూడండి. కృత్రిమ ఎరలు విసరడానికి గుండ్రటి రీలు కావాలంటే స్వీడన్ వాళ్ల ఆబూ అంబాసడర్ 5000. సముద్రానికైతే ఫిలడెల్ఫియాలో 1932లో మొదలైన పెన్ కంపెనీవి. పిల్లల చేతికివ్వడానికి జెబ్కో 33.

ఈ నాలుగింటిలో మూడు కంపెనీలకు ఒక చిత్రమైన పోలిక ఉంది, మూడింటికీ గడియారాల పనితో సంబంధం. మిచెల్ రీళ్లు చేసిన కార్పానో ఎ పోన్స్, ఆల్ప్స్ కొండల్లో గడియారాల పనికి పేరుపడ్డ క్లూజ్ అనే ఊరిది. ఆబూ 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలై, టాక్సీ మీటర్లు చేసి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రీళ్లకు మళ్లింది. జెబ్కో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో, చమురు బావుల్లో పేల్చే టైమ్ బాంబులు చేసే కంపెనీగా మొదలైంది. అది 1949లో రీళ్లు మొదలుపెట్టింది, 33 మోడల్ 1954లో వచ్చింది. మిచెల్, ఆబూ రీళ్లను ఒక్కసారి విప్పి చూస్తే గడియారాల పనివాళ్ల చెయ్యి తెలిసిపోతుంది. దాదాపు ప్రతి ముక్కా స్క్రూతో బిగించి ఉంటుంది, విడిగా మార్చుకోవచ్చు.

2. హ్యాండిల్ ఏ వైపు ఉందో ముందు చూసుకోండి. ఇప్పటి స్పిన్నింగ్ రీళ్లకు హ్యాండిల్ ఊడదీసి రెండో వైపు పెట్టుకోవచ్చు. చాలా పాతవాటికి ఆ వీలు లేదు. మిచెల్ 300 హ్యాండిల్ ఎడమ చేత్తో తిప్పేది, అదే రీలు కుడిచేత్తో తిప్పేలా చేస్తే దాని పేరు 301. గుండ్రటి పాత రీళ్లు ఎక్కువగా కుడిచేతివే. అమ్మేవాడి ఫోటో మాత్రమే చూసి తెప్పించుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

3. చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. కొనేటప్పుడు చేసే పరీక్షలన్నిటిలో నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. ముందు ఉత్తినే తిప్పండి. తరువాత స్పిన్నింగ్ రీలైతే రోటర్‌ని, గుండ్రటి రీలైతే స్పూల్‌ని బొటనవేలితో కాస్త అదిమిపట్టి, ఆ బరువు మీద తిప్పండి. చేప లాగేటప్పుడు గేర్ల మీద పడే ఒత్తిడి అలాంటిదే. చుట్టు పొడవునా ఒకే రకంగా బిగుతుగా ఉంటే భయం లేదు, లోపల గ్రీజు ఎండి జిగురైపోయింది, కడిగితే పోతుంది. ప్రతి చుట్టులో ఒకే చోట టక్కుమని తగులుతుంటే గేరు పన్ను విరిగిందనో, ఇరుసు వంగిందనో అర్థం. ఎక్కడ పడితే అక్కడ తిరగలిలో రాయి పడ్డట్టు గరగరలాడితే ఇసుక చేరింది, ఆ ఇసుకతోనే ఇన్నాళ్లు తిప్పారంటే గేర్లు అరిగే ఉంటాయి. మొదటిది కొనండి, రెండోది విడిభాగాల ధరకిస్తే కొనండి, మూడోది వదిలేయండి.

4. హ్యాండిల్‌ని పైకీ కిందికీ ఊపి చూడండి. కొద్దిగా కదలడం సహజమే. ఊగిసలాడితే బుష్ అరిగిపోయింది. వెనక్కి తిరగకుండా ఆపే మీట కూడా వేసి, హ్యాండిల్‌ని వెనక్కి నొక్కండి. జారితే లోపల గేరును ఆపే పావల్ అనే చిన్న కొక్కానిదో స్ప్రింగుదో తప్పు. అది చిన్న ఖర్చే కానీ, బేరమాడడానికి పనికొస్తుంది.

5. దారం రాసుకునే ప్రతి చోటా గోరు పెట్టి గీయండి. స్పిన్నింగ్ రీలుకు బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే వంపు తీగ) మీద దారం ఒరుసుకుపోయే చోట, గుండ్రటి రీలుకు దారాన్ని అటూ ఇటూ నడిపే గైడు దగ్గర, స్పూల్ అంచు చుట్టూ. ఏళ్ల తరబడి దారం రాసుకుని అక్కడ సన్నటి గాడి పడుతుంది. కంటికి కనపడదు, గోరుకు తగులుతుంది. ఆ గాడి పెద్ద చేప పడ్డ రోజున కొత్త దారాన్ని కోసేస్తుంది.

6. స్క్రూ తలలు చదవండి. తలల మీది గాడులు చెక్కుచెదరకుండా ఉంటే తెలిసిన చెయ్యే విప్పింది, లేదా ఎవరూ విప్పలేదు. చెక్కుకుపోయి ఉంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో కుస్తీ పట్టారు. అలాంటి రీలు లోపల వాషర్లు తక్కువయ్యే అవకాశం ఎక్కువ.

7. ఉప్పు తిన్న రీలును గుర్తుపట్టండి. అల్యూమినియం మీద తెల్లటి పొడి, పెయింటు కింద బుడగలు, ఇత్తడి మీద పచ్చటి చిలుము. చిలుము పైపైన ఉంటే నష్టం లేదు. అల్యూమినియం గుంటలు పడి తినేసి ఉంటే దాన్ని ఆపలేం. కర్రకు బిగించే పాదం కింద, పాదాన్ని పట్టి ఉంచే స్క్రూల చుట్టూ తప్పకుండా చూడండి. ఉప్పునీళ్లు నిలిచేది అక్కడే. బేకలైట్ పక్క పలకలున్న రీళ్లను దీపం ముందు వాలుగా పట్టుకుని, స్క్రూ రంధ్రాల నుంచి మొదలయ్యే వెంట్రుకలాంటి పగుళ్లు వెతకండి. పగిలిన బేకలైట్‌కు జిగురు వేసి వాడుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు, నేనైతే వినను.

8. పాదాన్ని ఎవరైనా ఆకురాయితో అరగదీశారేమో చూడండి. ఇంగ్లండ్‌లో హార్డీ సోదరుల కంపెనీ చేసిన పర్ఫెక్ట్‌లాంటి ఫ్లై రీళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. 1891లో మొదలైన ఆ మోడల్ మీద మోజు ఇప్పటికీ తగ్గలేదు. తన కర్రకు పట్టలేదని ఎవరో పాదం అంచులు రాపిడి పెట్టి ఉంటే వాడకానికి లోటు లేదు, ధర మాత్రం బాగా తగ్గాలి. దీనికి ఇంకో వైపూ ఉంది. కొన్ని పాత పాదాలు ఇప్పటి కర్రల సీట్లలో ఇమడవు. మీ కర్ర కారులో ఉంటే తెచ్చి బిగించి చూడండి.

9. అడిగే ధరను పట్టించుకోకండి, అమ్ముడైన ధర చూడండి. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. అమ్మకం పూర్తయినవాటిని మాత్రమే చూపించే వీలు వేలం సైట్లలో ఉంటుంది, వాడుకోండి. పాతది, అరుదైనది అనే మాటలకు విలువ కట్టకండి. మిచెల్ 300 లాంటివి లెక్కలేనన్ని తయారయ్యాయి. అసలు పెట్టె, కాగితాలు, అదనపు స్పూల్ ఉంటే మాత్రం కాస్త ఎక్కువిచ్చినా తప్పు లేదు. వాడుకునేవాడికి అదనపు స్పూల్ పెట్టె కంటే మేలు.

10. ఏ కాలం నాటిదో ఇలా పట్టుకోండి. 1970ల ఆబూ అంబాసడర్ల పాదం మీద ఉండే అంకెల్లో మొదటి రెండూ సంవత్సరం, తరువాతి రెండూ నెల. 7503తో మొదలైతే 1975 మార్చి. మోడల్ పేరులో 'సి' అక్షరం ఉంటే స్పూల్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది, దూరం విసరడానికి అదే నయం. మిచెల్ అయితే ఫ్రాన్స్‌లో తయారైందన్న ముద్ర వెతకండి. ఆ పేరు చేతులు మారాక తరువాతి కాలంలో వచ్చినవి వేరే రీళ్లు, వాటి ముక్కలు వీటికి పట్టవు.

11. వీలైతే ఒకే మోడల్ రెండు కొనండి. ఒకటి బాగున్నది, ఒకటి పాడైనది. పాడైనది మీ విడిభాగాల దుకాణం. మిచెల్ బెయిల్ స్ప్రింగు విడిగా తెప్పించుకునే ధరకు ఒక్కోసారి విరిగిన రీలే వచ్చేస్తుంది. పెన్ వాడేవాళ్లకు ఈ అవసరం తక్కువ. ఆ కంపెనీ ఏళ్ల తరబడి చాలా ముక్కలను మార్చకుండా చేసింది, పాత మోడళ్లకు కొత్త భాగాలు సరిపోతాయి.

12. విప్పేటప్పుడు ఫోన్ పక్కన పెట్టుకోండి. ఒక్కో ముక్క తీయకముందు ఒక ఫోటో. కింద తెల్ల తువ్వాలు పరవండి, స్ప్రింగు ఎగిరిపడినా దొర్లిపోదు. తీసిన ముక్కల్ని తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చండి. మిచెల్ 300లో గేర్ల వెనక కాగితమంత పల్చటి వాషర్లుంటాయి, గ్రీజుతో గేరుకే అతుక్కుని వచ్చేస్తాయి. ఏ గేరు వెనక ఎన్ని ఉన్నాయో రాసుకోండి. అవి పోతే గేర్లు ఎప్పటికీ సరిగ్గా కలవవు. కొన్ని నట్లకు ఎడమ మర ఉంటుంది, కదలకపోతే బలం పెట్టకుండా రెండో వైపు తిప్పి చూడండి. అయినా రాకపోతే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. గాడిలో నిండుగా కూర్చునే వెడల్పున్న స్క్రూడ్రైవర్ తప్ప ఇంకేదీ వాడవద్దు.

13. చింతపండు, పీతాంబరి వంటింట్లోనే ఉండనివ్వండి. ఇత్తడి కనపడగానే చింతపండుతో తోమి తళతళలాడించాలని మనకు చెయ్యి దురదపెడుతుంది. ఆ పులుపు పల్చటి నికెల్ పూతను తినేస్తుంది, గేరు పళ్ల సందుల్లో మిగిలిపోయి లోపల్లోపల చిలుము పట్టిస్తుంది. పొడి పెట్టి రుద్దితే పూతతో పాటు చెక్కిన అక్షరాలూ అరిగిపోతాయి. లోహపు ముక్కల్ని కిరసనాయిల్లో, అది దొరకని చోట మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. ఈ పని వరండాలోనో పెరట్లోనో, పొయ్యికి దూరంగా. బేకలైట్, ప్లాస్టిక్, తోలు వాషర్లను అందులో ముంచకండి. వాటికి గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. తోలు వాషర్లనైతే పొడిగుడ్డతో తుడవడమే. గోళ్ల రంగు చెరిపే ద్రవం దగ్గరికి కూడా రానివ్వకండి, అది పెయింటునూ ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది.

14. కొబ్బరినూనె, ఆముదం వేయకండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. న్యూజెర్సీ వసంతకాలపు ఉదయాన మీ రీలు తిరగనంటుంది. ఆముదం కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. కుట్టుమిషను నూనె చవక, పల్చన, పాత రీళ్లకు చక్కగా సరిపోతుంది. వేగంగా తిరిగే ఇరుసులకు, బుష్‌లకు ఒక్కో చుక్క నూనె. ఒకదానితో ఒకటి రాసుకునే గేర్లకు గ్రీజు, అదీ పళ్ల మీద పల్చటి పొరగా. పెట్టె నిండా గ్రీజు కూరడం పాతకాలం అలవాటు, ఇప్పుడు మనం గంటల తరబడి కడిగేది ఆ గ్రీజే. డబ్బా నొక్కి చల్లే తుప్పు వదిలించే ద్రవాలు మర వదులు చేయడానికి మంచివి, వాటినే కందెనగా నమ్ముకుంటే త్వరగా ఆరిపోతాయి. ఆబూలో దారాన్ని అటూ ఇటూ నడిపే మరల ఇరుసుకు నూనె మాత్రమే వేయండి, గ్రీజు వేస్తే ఇసుకనూ దుమ్మునూ పట్టి ఉంచుతుంది.

15. డ్రాగ్ వాషర్లను విడిగా చూసుకోండి. చేప లాగినప్పుడు దారం తెగకుండా మెల్లగా వదిలేది అవే. తూకం వేసే స్కేలు కొక్కానికి దారం కట్టి లాగి చూడండి. నున్నగా, ఆగకుండా రావాలి. కాసేపు ఆగి ఒక్కసారిగా జారితే వాషర్లు గట్టిపడ్డాయని అర్థం. నక్షత్రం ఆకారపు చక్రంతో డ్రాగ్ బిగించే పెన్ రీళ్లకు ఆ కంపెనీవే హెచ్‌టీ-100 అనే కార్బన్ ఫైబర్ వాషర్లు దొరుకుతాయి. పాతవి తీసి ఇవి వేస్తే రీలు స్వభావమే మారిపోతుంది. అసలుతనం చెడుతుందని బాధపడేవారు పాత వాషర్లను కవరులో దాచుకోండి. రీలును వాడని రోజుల్లో డ్రాగ్ పూర్తిగా వదులు చేసి ఉంచండి, బిగించి ఉంచితే వాషర్లు నలిగిపోతాయి.

16. దారం విషయంలో పాతకాలాన్ని గుర్తుంచుకోండి. దీని గురించి తెలియక చక్కటి రీళ్లు పగలగొట్టుకున్నవాళ్లు ఎందరో. నైలాన్ రాకముందు సముద్రపు రీళ్లకు నారదారం చుట్టేవారు. బేకలైట్, ప్లాస్టిక్ స్పూళ్లు ఆ దారానికి తగ్గట్టు తయారయ్యాయి. ఒంటిపోగు నైలాన్ దారం సాగుతుంది. పెద్ద చేపను లాగుతున్నప్పుడు సాగిన దారమే పొరలు పొరలుగా స్పూల్ మీద చుట్టుకుంటుంది, తరువాత ప్రతి పొరా మళ్లీ పొట్టి కావాలని చూస్తుంది. అన్ని పొరల బిగువూ కలిసి స్పూల్‌ని లోపలికి నొక్కి, అంచుల్ని బయటికి నెడుతుంది. గట్టి రీలనుకున్నది ఒక్కసారిగా చిట్లిపోతుంది. అందుకే ప్లాస్టిక్ స్పూల్ ఉన్న పాత సముద్రపు రీలు కొంటే, దానికి సరిపోయే లోహపు స్పూల్ వెతుక్కోండి. దొరక్కపోతే అడుగున అంతగా సాగని డేక్రాన్ దారం మందంగా చుట్టి, పైన కొద్దిగా మాత్రమే నైలాన్ చుట్టండి. పెద్ద చేప పట్టిన రోజు ఇంటికి రాగానే ఆ దారాన్ని విప్పి, వదులుగా మళ్లీ చుట్టండి.

మిచెల్ 300కు 8 నుంచి 10 పౌండ్ల నైలాన్, ఆబూ 5000కు 12 నుంచి 15 పౌండ్లది బాగుంటుంది. స్పూల్ అంచుకు ఒక మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. ఇంకా ఎక్కువైతే ఉచ్చులుగా ఊడిపడుతుంది, తక్కువైతే దూరం పోదు. ఇప్పటి అల్లిక దారాలు సన్నగా, గట్టిగా ఉంటాయి. పాత గైడుల మెత్తటి లోహాన్ని కోస్తాయి, నున్నటి స్పూల్ మీద మొత్తం చుట్టే జారిపోతుంది. పాత రీలుకు అవి వద్దు.

17. బెయిల్‌ని చేత్తో మూయండి. విసిరాక హ్యాండిల్ తిప్పితే బెయిల్ దానంతటదే పడుతుంది కదా అని ప్రతిసారీ అలా చేస్తే, ఆ దెబ్బంతా సన్నటి స్ప్రింగు మీదా లోపలి మీట మీదా పడుతుంది. చేత్తో మూస్తే ఆ రెండూ ఏళ్ల తరబడి బతుకుతాయి, దారం మెలిపడడం తగ్గుతుంది. చేప దారం లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పడం మానండి, ఒక్కో తిప్పుకూ దారంలో మెలిక పెరుగుతుంది.

18. చేపను కర్రతో లాగండి, రీలుతో చుట్టండి. కర్రను మెల్లగా పైకెత్తి చేపను దగ్గరికి తెచ్చి, కర్రను దించుతూ ఆ వదులైన దారాన్ని మాత్రమే చుట్టాలి. పాత రీళ్లు ఇప్పటివాటి కంటే నెమ్మదిగా చుడతాయి. గేరు మీద బలం పెట్టి త్వరపడితే విరిగేది గేరే.

19. ఇంకా పాతవైతే వేళ్లు జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి ఎరలు విసిరే రీళ్లలో చాలావాటికి స్పూల్‌ని హ్యాండిల్ నుంచి విడదీసే మీట ఉండదు. విసిరినప్పుడు హ్యాండిల్ కూడా గిర్రున వెనక్కి తిరుగుతుంది. పెద్ద చేప లాగినప్పుడూ అంతే, కణుపులు వాస్తాయి. వేళ్లను పక్కకు తీసి, స్పూల్ మీద బొటనవేలి ఒత్తిడితోనే వేగం తగ్గించడం నేర్చుకోవాలి. గడ్డి మైదానంలో గాలం లేకుండా సీసపు గుండు కట్టి సాధన చేయండి. తేలికపాటి ఎరలకు ఈ రీళ్లు లొంగవు, బరువైనవే వాడండి. ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకంటే ఆనందమిచ్చే రీలు లేదని నా అభిప్రాయం. పిల్లలకు మాత్రం ఇవ్వవద్దు.

20. సముద్రం నుంచి రాగానే కడగండి, ముంచకండి. కుళాయి నీళ్లు సన్నధారగా పోసి తుడవండి. పైపు పెట్టి జోరుగా కొడితే బయటి ఉప్పు లోపలికి పోతుంది. తొట్టిలో ముంచినా అంతే. మిచెల్ వాళ్ల 302 ఉప్పునీళ్ల కోసం చేసినదే అయినా దానికీ ఈ సేవ తప్పదు. మంచినీళ్ల కోసం చేసిన 300ను బీచికి తీసుకెళ్లకపోవడమే మేలు.

21. తోలు పెట్టెలో దాచకండి. పాత హార్డీలతో, పెద్ద రీళ్లతో అందమైన తోలు పెట్టెలు వస్తాయి. తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది. పెట్టెను విడిగా ఉంచి, రీలును నూలుగుడ్డలో చుట్టి, గాలాడే అరలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు కట్టి బిగించడం తోలు పెట్టె కంటే అన్యాయం.

22. రీలును ఇండియాకు తెచ్చేటట్లయితే దారం తీసేసి, డ్రాగ్ వదులు చేసి, గాలాలను చెక్-ఇన్ సామాన్లో వేయండి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపు గాలే తుప్పు పట్టిస్తుంది కాబట్టి వాడినా వాడకపోయినా నెలకోసారి గుడ్డ మీద రెండు చుక్కల నూనె వేసి పైపైన తుడవండి, వానాకాలంలో ఇంకా తరచుగా. మన చెరువులు, రిజర్వాయర్లలో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకిచ్చి ఉంటుంది. గట్టు మీద కూర్చునే ముందు సంఘం వాళ్లను అడగండి. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఫిషింగ్ లైసెన్సు ఉంటుంది. పాత రీలుకు పెట్టే డబ్బులో అది కూడా కలుపుకోండి.